రంగు మాట చివర్లో: పాత అంబాసిడర్ మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత కార్ల మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ అంబాసిడర్ గురించే. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారీ 2014లోనే ఆగిపోయినా మన ఊళ్లలో షెడ్లలో, చెట్ల కింద ఈ బళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. 1489 సీసీ పెట్రోల్ ఇంజిను బళ్ల ప్రశ్నలనే ఈసారి తీసుకున్నాం. డీజిల్ ఇంజిన్లు, తర్వాతి బళ్లలో వచ్చిన జపాన్ ఇసుజు ఇంజిన్ల సంగతి వేరు.

ప్రశ్న: మా నాన్నగారి 1977 మార్క్ 3 పదకొండేళ్లుగా షెడ్డులోనే ఉంది. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూడొచ్చా? (తెనాలి)

వద్దు. అన్నేళ్లు కదలని ఇంజిన్లో పిస్టన్ రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. సెల్ఫ్ బలంతో ఒక్కసారిగా తిప్పితే రింగు విరుగుతుంది, లేదా గోడ గీసుకుపోతుంది. అప్పుడిక సిలిండరు లోపలిగోడ చెక్కించే బోరింగ్ ఖర్చు తప్పదు.

ముందు నాలుగు ప్లగ్గులూ విప్పండి. ఒక్కో సిలిండరులో రెండు చెంచాల పల్చటి ఇంజిన్ ఆయిలు పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత ప్లగ్గులు బిగించకుండానే టాప్ గేరు వేసి బండిని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా నెట్టండి. ఇంజిను చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటే దాంతో తిప్పండి. కదలకపోతే బలవంతం చేయొద్దు. డీజిల్, ఇంజిన్ ఆయిలు సమంగా కలిపి మళ్లీ పోసి వారం ఆగండి. అప్పటికీ బిగుసుకునే ఉంటే హెడ్డు, అంటే సిలిండర్ల పైన ఉండే ఇంజిను మూత, విప్పక తప్పదు.

ఇంజిను స్వేచ్ఛగా తిరిగాక పాత ఆయిలు తెల్లటి ట్రేలోకి దించండి. పాలలా తెల్లబడి ఉన్నా, అడుగున నీళ్లు తేలినా హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. శుభ్రంగా ఉంటే ఫిల్టరు మార్చి 20డబ్ల్యూ-50 ఆయిలు పోయండి. సుమారు నాలుగు లీటర్లు పడుతుంది, కానీ కొలతకు డిప్‌స్టిక్కే ప్రమాణం. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పండి. కంప్రెషన్ ఉండదు కాబట్టి బేరింగుల మీద భారం పడకుండానే ఆయిలు పైకెక్కుతుంది. ఆయిల్ లైటు ఆరేదాకా, లేదా గేజి ముల్లు లేచేదాకా ప్లగ్గులు పెట్టకండి.

ట్యాంకులోని పాత పెట్రోలు వార్నిష్ వాసన వస్తుంది. దాన్ని ఏ బండిలోనూ వాడకండి. ట్యాంకు దింపి కడిగించండి, రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును ఉబ్బేలా, పగిలేలా చేస్తుంది. గొట్టాలు, పంపు డయాఫ్రమ్, కార్బ్యురేటర్ వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునే రకమేనా అని అడిగి కొనండి. ఇథనాల్ తేమను లాగుతుంది. తేమ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. నెలల తరబడి బండి తీయనప్పుడు పెట్రోలు నిల్వ ఉంచకండి.

పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ ఎస్‌యూ రకమైతే పైన గిన్నెలాంటి మూత తీసి లోపలి పిస్టన్‌ను పెట్రోలుతో తుడవండి. గరుకు కాగితం తగిలించొద్దు. తిరిగి అమర్చాక పిస్టన్‌ను ఎత్తి వదిలితే ‘టక్’మని చప్పుడుతో కిందికి తగలాలి. చప్పుడు రాకపోతే జెట్టు, అంటే పెట్రోలు వచ్చే సన్న గొట్టం, మధ్యలో లేదని అర్థం. ఇంజిను నడిచాక మిశ్రమం చూసుకోవడానికి పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ను మిల్లీమీటరు మేర ఎత్తండి. వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. కొంచెం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. ఇథనాల్ పెట్రోలుతో మిశ్రమం కాస్త పలచబడుతుంది. జెట్టు కింది నట్టును ఒకటి రెండు ముఖాల మేర తిప్పి కిందికి దించితే సరిపోతుంది.

డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల గ్యాపు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ప్లగ్గు గ్యాపు 25 థౌ, ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2. డిస్ట్రిబ్యూటరు రోటరు గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. తీగలు పెట్టేటప్పుడు ఇది మర్చిపోతే ఇంజిను వెనక్కి తన్నుతుంది గానీ అందుకోదు.

ప్రశ్న: టాపెట్లు (వాల్వుల దగ్గర గ్యాపు సరిచేసే స్క్రూలు) బిగించినా ఐదారు వేల కిలోమీటర్లకే గ్యాపు తగ్గిపోతోంది. అరిగితే పెరగాలి కదా, తగ్గుతుందేం? (నెల్లూరు)

ఎగ్జాస్ట్ వాల్వు సీటు అరుగుతోంది. వాల్వు హెడ్డులోకి దిగుతుంటే దాని కాడ పైకి లేస్తుంది, అందుకే గ్యాపు మూసుకుపోతుంది. పాత పెట్రోల్లోని సీసం ఈ సీటుకు రక్షణగా ఉండేది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలుకు మారాక ఆ రక్షణ పోయింది. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే అంచు కాలి, ఒక సిలిండరు పోతుంది.

గ్యాపు 15 థౌ, అంటే 0.38 మి.మీ. ఈ ఇంజిన్లో తొమ్మిది లెక్క పనికొస్తుంది. రేడియేటరు వైపునుంచి వాల్వులకు 1 నుంచి 8 దాకా నంబర్లు వేసుకోండి. 8వది పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు 1వది చూడండి. 6 నొక్కుకుంటే 3, 7 నొక్కుకుంటే 2. ఏ జత కలిపినా తొమ్మిదే రావాలి. మూడు వేల కిలోమీటర్లకోసారి చూసుకుంటూ బండి నడపొచ్చు. హెడ్డు ఎలాగూ విప్పాల్సి వస్తే అప్పుడు లేత్ షాపులో గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించేయండి. దానికోసమే హెడ్డు విప్పడం మాత్రం దండగ.

ప్రశ్న: కింద తుప్పు ఉంది. పుట్టీ పెట్టి రంగు వేస్తే చాలంటున్నాడు పెయింటరు. ఆయన మాట నమ్మొచ్చా? (వరంగల్)

రంగు మాట ఇప్పుడే ఎత్తకండి. అంబాసిడర్‌కు లారీలా విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. తలుపుల కింద పెట్టెలా ఉండే అంచులు, ఫ్లోరు, అడ్డ కమ్మీలు కలిసి బరువు మోస్తాయి. అవి పోతే బయటికి ఎంత మెరిసినా బండి మధ్యలో వంగుతుంది. తలుపు వేసేటప్పుడు పైకెత్తి వేయాల్సి వస్తోందంటే ఆ వంగుడు మొదలైనట్టే.

ఒక పాత స్క్రూడ్రైవరు తీసుకుని కింద ప్రతి చోటా నొక్కి చూడండి. లోపలికి దిగిన చోటల్లా ఇనుము లేదు. ముఖ్యంగా నాలుగు చోట్లు: తలుపుల కింది అంచులు, ముందు సీట్ల దగ్గర టార్షన్ బారు (ముందు చక్రాలకు స్ప్రింగులా పనిచేసే మెలిక కడ్డీ) వెనక కొస బిగించిన అడ్డ కమ్మీ, వెనక కమాను పట్టీలు బిగించిన చోట్లు, డిక్కీలో స్టెపినీ కింద. టార్షన్ బారు కమ్మీ దగ్గర తుప్పు కనిపిస్తే బండి రోడ్డెక్కకూడదు. ముందు చక్రాల బరువంతా ఆ కొసే మోస్తుంది. బారు విప్పాల్సి వస్తే మెలిక పూర్తిగా వదిలించాకే విప్పాలి, అదీ తెలిసిన మెకానిక్ చేత. బయట ప్యానెళ్ల మీద పాత పుట్టీ కనుక్కోవడానికి అయస్కాంతం చాలు. పట్టు వదిలిన చోట లోపల మందంగా పుట్టీ ఉంది.

తుప్పు మీద పుట్టీ ఒక వానాకాలం దాటదు. పుట్టీ తేమ పీల్చుకుంటుంది, ఆ తేమ నేరుగా తుప్పుకే అందుతుంది. బుడగలు లేచి రంగుతో సహా ఊడొస్తుంది. కాకినాడ, విశాఖ వైపైతే ఉప్పుగాలికి ఇంకా త్వరగా పోతుంది.

చేయాల్సింది ఇది. బ్యాటరీ తీగలు ఊడదీయండి. పెట్రోలు ట్యాంకు దింపి షెడ్డు బయట పెట్టండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది కాబట్టి. బండిని జాకీ మీద కాదు, స్టాండ్ల మీద నిలపండి. ముందూ వెనకా చక్రాలకు దగ్గరగా, గట్టి చోట ఆనేలా స్టాండ్లు పెడితే బాడీ తన సహజమైన రూపంలో ఉంటుంది. కింది అంచు కోసేముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కోణాలు రెండు వెల్డు చేయండి. రెండు వైపులా ఒకేసారి కోయొద్దు. ఈ ఒక్క జాగ్రత్త వదిలేసి, తర్వాత తలుపులు పడక తిప్పలు పడేవాళ్లు ఎందరో.

తుప్పు పట్టిన భాగాన్ని మెరిసే ఇనుము కనిపించేదాకా కోసేయండి. ఫ్లోరుకు, అంచులకు 18 గేజి రేకు, బయటి ప్యానెళ్లకు 20 గేజి. 0.8 మి.మీ. తీగతో మిగ్ వెల్డింగ్ (తీగ దానంతటదే వచ్చే కరెంటు వెల్డింగ్) మేలు. గ్యాసు వెల్డింగ్‌తో వేడి పాకి రేకు వంకరపోతుంది. ఏకధాటిగా గీత లాగకండి. రెండు మూడు సెంటీమీటర్లకొక చుక్క పెట్టి, ఒక కొస నుంచి ఇంకో కొసకు మారుతూ చల్లారనిచ్చి పూరించండి. కీళ్లలో వెల్డింగ్‌కు తట్టుకునే జింకు ప్రైమరు, పైన సీలరు, పెట్టె భాగాల లోపల మైనపు పూత వేయండి. నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోకుండా చూసుకోండి. అసలు తుప్పు మొదలైంది అవి మూసుకుపోవడం వల్లే అయ్యుంటుంది.

ఇంత చేశాక పుట్టీ రెండు మిల్లీమీటర్లు మించకుండా వాడితే తప్పులేదు.

ప్రశ్న: బ్రేకు కిట్లన్నీ మార్చాం. బ్రేకు గొట్టాల్లోంచి ఎన్నిసార్లు ఎయిరు తీసినా పెడల్ కిందికే పోతోంది. (గుంటూరు)

ఎయిరు తీసే ముందు షూలు బిగించారా? డ్రమ్ముకు, షూకు మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటే సిలిండర్లు ఆ దూరం పోవడానికే ఆయిలంతా ఖర్చవుతుంది. అది ఎయిరులాగే అనిపిస్తుంది. డ్రమ్ము కన్నంలోంచి అడ్జస్టరును చక్రం ఆగేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేంత వరకే వదలండి. ముందు చక్రాలకు రెండేసి సిలిండర్లు, రెండేసి అడ్జస్టర్లు ఉంటాయి. ఒకటే బిగించి వదిలేయడం ఎక్కువమంది చేసే పొరపాటు.

తర్వాత మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో ఎయిరు తీయడం మొదలుపెట్టి దగ్గరికి రండి. అప్పటికీ పెడల్ మెల్లగా దిగుతుంటే మాస్టర్ సిలిండరు లోపల వేలితో తడిమి చూడండి. గుంటలు తగిలితే కొత్త కిట్టు వేసినా ఆగదు, సిలిండరే మార్చాలి. ఒక చక్రం మాత్రం పట్టేసి వేడెక్కుతుంటే దాని రబ్బరు గొట్టం లోపల వాచి ఉంటుంది. బ్రేకు ఆయిలు డాట్ 3 రకం, అప్పుడే సీలు తీసిన కొత్త డబ్బాదే వాడండి. ఇంజిన్ ఆయిలు చుక్క పడ్డా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. పాత షూల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. గాలితో ఊదకండి, తడిపి తుడవండి.

ప్రశ్న: రేడియేటరు కొత్తదే. అయినా ఎండాకాలం విజయవాడ ట్రాఫిక్‌లో నీళ్లు మరుగుతున్నాయి. (విజయవాడ)

బురద రేడియేటరులో కాదు, ఇంజిను బ్లాకులో ఉంది. బ్లాకు పక్కనున్న నీళ్ల కుళాయి విప్పితే చుక్క కూడా రాకపోవచ్చు. తీగతో పొడిచి, పైనుంచి గొట్టంతో నీళ్లు వదలండి. తుప్పు నీళ్లు తేరేదాకా ఆపకండి. బోరు నీళ్లు మానేసి డిస్టిల్డ్ వాటరు, కూలెంటు సమంగా పోయండి. థర్మోస్టాట్ తీసిపారేయమని చెప్పేవాళ్ల మాట వినకండి, 82 డిగ్రీలది కొత్తది వేయండి. ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడినా ఇలాగే మరుగుతుంది.

ప్రశ్న: ఇంజిను స్టార్ట్ చేసేటప్పుడు చోకు కేబులు వేడెక్కి పొగ వస్తోంది. (ఒంగోలు)

ఇంజినుకు, బాడీకి మధ్య ఉండాల్సిన ఎర్త్ పట్టీ తెగింది, లేదా ఎవరో ఇంజిను దింపినప్పుడు తిరిగి పెట్టలేదు. ఇంజిను రబ్బరు మీద కూర్చుంటుంది. సెల్ఫ్ లాగే కరెంటుకు వేరే దారి లేక చోకు కేబులు గుండా పోతోంది. రెండు కొసలా రంగు గీకి కొత్త పట్టీ బిగించండి. ఈలోగా బండి స్టార్ట్ చేయొద్దు. అలాగే కొత్త బ్యాటరీ పెట్టేముందు మీ బండిలో ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉందో చూసుకోండి. పాత బళ్లలో ప్లస్ బాడీకి ఉండొచ్చు.

ప్రశ్న: రంగు ఇంట్లోనే వేసుకోవాలని ఉంది. ఏది తీసుకోవాలి? (హైదరాబాద్)

రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ (పాలీయురిథేన్) రంగు ఇంటి షెడ్డులో వద్దు. అందులోని ఐసోసైనేట్ ఊపిరితిత్తులకు హాని, మామూలు మాస్కు దాన్ని ఆపదు. దానికి పెయింట్ బూత్ గది ఉన్న షాపుకే బండి ఇవ్వండి. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగైతే ఆవిరికి తగిన కార్ట్రిడ్జి మాస్కు పెట్టుకుని, తలుపులు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా వేసుకోవచ్చు. మెరుపు తక్కువే గానీ పాత కారుకు అదే అందం. వానాకాలంలో మాత్రం వేయకండి. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు పైభాగం చల్లబడి తేమ పట్టి తెల్లటి మసక వస్తుంది.

ప్రశ్న: 1968 మార్క్ 2 ఉంది. వింటేజి రిజిస్ట్రేషన్ తీసుకుంటే లాభమా? (సికింద్రాబాద్)

2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకే అది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. ఆ తర్వాత పునరుద్ధరణకు 5,000. ముందే రిజిస్టరైన బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. అయితే ప్రదర్శనలకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజి ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే తీయాలి. రోజూ ఆఫీసుకు వెళ్లడానికైతే కుదరదు. బాడీ, ఇంజినుల్లో పెద్ద మార్పులు చేస్తే అర్హత పోతుంది కాబట్టి ఇసుజు ఇంజిను వేయించాలనుకుంటే ముందే ఆలోచించుకోండి.

ప్రశ్న: నా స్పానర్లు నట్ల మీద జారుతున్నాయి. (ఏలూరు)

మీవి మిల్లీమీటర్ల స్పానర్లు, ఈ ఇంజిన్లో ఎక్కువ నట్లు అంగుళాలవి. అర అంగుళం నట్టు 12.7 మి.మీ., 13 స్పానరు దానిమీద జారి మూలలు కొట్టేస్తుంది. 7/16, 1/2, 9/16 ఉన్న ఏఎఫ్ సెట్టు (నట్టు ఎదురెదురు ముఖాల మధ్య దూరం అంగుళాల్లో ఉండే స్పానర్లు) కొనండి. దాంతోపాటు బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి ఒకటి కూడా. హెడ్డు నట్లు మధ్య నుంచి బయటికి, విడతలుగా, 40 అడుగు-పౌండ్లకు బిగించాలి. చేతి అంచనాకు అది అందదు.