ఆ తాడు బంగారుది కాదు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. తల్లి ట్రంకుపెట్టె తెరిచే చోటు బాగా రాశావు. కానీ అంతకుముందే, రెండో పేజీలో, నాకు ఒళ్లు మండింది. మీ మాధవరం కుర్రాడి స్నేహితుడు, ఆ గఢ్వాల్ రైఫిల్స్ జవాను, 'ఎడమ భుజం మీద బంగారు తాడు ధగధగ మెరుస్తుండగా' వచ్చాడని రాశావు. బాబూ, వాళ్లది ఎర్రగా పేనిన తాడు. ఉండేది కుడి భుజానికి. బంగారు తాడే కావాలంటే రాజ్‌భవన్‌కి వెళ్లు, గవర్నరు వెనకాల నిలబడే ఏడీసీకి, అదే ఆయన సహాయక అధికారికి, ఉంటుంది. మిలిటరీ మాధవరం అని పేరున్న ఊళ్లో పుట్టి, ఒక్క మాజీ సైనికుణ్ణి అడగలేకపోయావా?

తప్పు పోనీ, దిద్దుకోవచ్చు. ఆ 'ధగధగ'నే భరించలేకపోయాను. మొదటి ప్రపంచయుద్ధంలో వాళ్ల పోరాటం మెచ్చి 1921లో ఆ పటాలానికి 'రాయల్' బిరుదిచ్చారు. ఆ తాడు ఆ గౌరవానికి గుర్తు. తొమ్మిదేళ్లు తిరిగాయో లేదో, 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధుల మీద కాల్పులు జరపమంటే ఆ పటాలంవాడే చంద్రసింగ్ గఢ్వాలీ, అతని తోటివాళ్లు కాల్చేది లేదన్నారు. జైలుకెళ్లారు. రాజు మెచ్చిన పటాలమే రాజు మాట కాదంది! స్వాతంత్ర్యం వచ్చాక పేరులోంచి 'రాయల్' పోయింది, తాడు మాత్రం ఉండిపోయింది. ఇంత ఉన్న తాడుకి నువ్విచ్చింది ఒక్క ధగధగ.

నేనూ దెబ్బ తిన్నవాణ్ణే. మా బాబాయి పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఆ ఎర్రకోటు ఛాతీ మీద అడ్డంగా కుట్టిన తాళ్ల వరసలు ఒకప్పుడు హంగరీ గుర్రపు సైనికులవి. ఎక్కడి హంగరీ, ఎక్కడి మా బాబాయి! తాడు ఊడితే లాంతరు ముందు కూర్చుని తనే కుట్టుకునేవాడు. అది కథలో పెడితే ఎడిటర్ గారు 'నడక కుంటుతోంది' అని ఆ పేరా కొట్టేశారు. పెళ్లి మిగిలింది, బాబాయి పోయాడు. ముప్పై ఏళ్లయింది, ఇప్పటికీ ఆ సంచిక చూస్తే కడుపు రగులుతుంది. ఇప్పటి ఎడిటర్లు ఇంకా నయం, అసలు చదవరు.

పోటీకి పంపాలా, పేరు మార్చాలా అని ఏవో అడిగావు. అవి తర్వాత. స్నేహితుడు పోయాక ఆ తాడు పెట్టెలో ఉంది కదా, తల్లి దాన్ని ముట్టుకోకుండానే మూత వేసేసింది. ఎందుకు? అది రాసి పంపు. పాత ప్రతి మీద టీ ఒలికింది, తిరిగి పంపలేను.