యుద్ధ సమయంలో కలిసిన డాక్టరు, నర్సు పెళ్లి నిలుస్తుందా?

మీ చెల్లి ఆర్మీ నర్సింగ్ ఆఫీసర్ అని, బోర్డర్‌లో గొడవలప్పుడు తనతో పనిచేసిన డాక్టర్నే చేసుకుంటానంటోందని రాశారు. అది ఆ టెన్షన్‌లో పుట్టిన ఇష్టమేమోనని ఇంట్లో భయం. 1999 కార్గిల్ యుద్ధమప్పుడు నేను మిలిటరీ నర్సింగ్ సర్వీసులో, కశ్మీర్‌లో ఉన్నాను. మా ఆయన అదే ఆస్పత్రిలో మత్తు డాక్టరు.

సినిమాల్లో చూపించే తీరిక అక్కడ ఉండదండీ. హెలికాప్టర్ దిగిందంటే స్ట్రెచర్లు వరసగా వచ్చేస్తాయి. ఎక్కువగా షెల్లింగ్‌లో స్ప్లింటర్లు తగిలిన గాయాలే. కొండల మీద చలికి వేళ్లు నల్లబడి వచ్చినవాళ్లూ ఉండేవారు. రక్తం ఆగడానికి కట్టు బిగించి పంపితే, ఎన్నింటికి బిగించారో నుదుటి మీద పెన్నుతో రాసి ఉండేది. ఎవర్ని ముందు లోపలికి తీసుకెళ్లాలో ఆ టైము కూడా చూసి తేల్చుకోవాలి. ఒక రాత్రి కాలు తీసేయాల్సిన కుర్రాడు, అమ్మకు చెప్పొద్దు సార్ అని ఏడుస్తున్నాడు. ఆయన మాస్క్ పక్కన పెట్టి, ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని, ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని అడిగారు. బయట ఇంకా కేసులున్నాయి. ఒక్క నిమిషమే మాట్లాడారు, తర్వాత మత్తిచ్చారు. నాకు ఆయన మీద గురి కుదిరింది అప్పుడే.

పెళ్లిచూపుల్లో ఎవరైనా బాగానే మాట్లాడతారు. నిద్రలేని మనిషి తెల్లవారుజామున మూడింటికి నర్సింగ్ అసిస్టెంట్‌ని ఎలా పిలుస్తాడో మీ చెల్లి కళ్లారా చూసింది. దాన్ని ఆవేశం అనొద్దు.

మా ఆయనది సోలాపూర్, అక్కడి పద్మశాలీల ఇల్లు. ఆయన తెలుగులో సగం మరాఠీ. వాళ్ల ఊరివాడే డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్. 1938లో జపాన్‌తో యుద్ధంలో గాయపడినవాళ్లకు వైద్యం చేయడానికి మన దేశం నుంచి చైనాకు వెళ్లిన ఐదుగురు డాక్టర్లలో ఒకరు. అక్కడ నర్సు గువో చింగ్లాన్‌ని 1941లో పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడు కొడుకు పుట్టాడు. ఆ డిసెంబరులోనే మూర్ఛ వ్యాధితో కోట్నీస్ పోయారు, అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. ఆవిడ తర్వాత చాలాసార్లు మన దేశానికి వచ్చి అత్తవారిని కలిశారు. 2012లో కన్నుమూశారు. ఏడాది చిల్లర కాపురం, డెబ్బై ఏళ్ల బంధం. ఈ కథ నాకు నైట్ డ్యూటీలో మా ఆయనే చెప్పారు.

మా సీనియర్లకు ఈ అదృష్టం కూడా లేదు. పెళ్లి చేసుకుంటే నర్సింగ్ ఆఫీసర్ని ఉద్యోగం నుంచి తీసేయొచ్చని 1977 నాటి రూలు ఒకటి ఉండేది. 1995లో ఎత్తేశారు. అలా 1988లో ఉద్యోగం పోగొట్టుకున్న సెలీనా జాన్ గారికి 60 లక్షలు ఇవ్వమని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. ఆ తీర్పు చదివి నేను ఏడ్చాను. పెళ్లి ఊసే ఎత్తకుండా రిటైరైన అక్కలు నాకు తెలుసు.

మాకు అసలు కష్టం యుద్ధం అయ్యాకే వచ్చింది. ఆయనకు అస్సాం, నాకు పుణె. పాప నెల్లూరులో మా అమ్మ దగ్గర పెరిగింది. కాబట్టి అబ్బాయిని ఇంటికి పిలిచి పోస్టింగుల సంగతి అడగండి. ఇద్దరికీ ఒకే చోట కావాలని అప్లికేషన్ పెడతారా, రాకపోతే పిల్లల్ని ఎవరు చూస్తారు, ఒకరు సర్వీసు వదలాల్సి వస్తే అది మీ చెల్లే కావాలా? ఈ చివరిది మాత్రం అతని నోటితోనే చెప్పించండి.