టూసాన్ లూవెర్చ్యూర్ చదువు లేని బానిసగా ఉండి తిరుగుబాటు నాయకుడు ఎలా అయ్యాడు?

ప్రశ్నలోనే రెండు తప్పులున్నాయి. ఆయనకి చదవడం వచ్చు. 1791 ఆగస్టులో హైతీలో (అప్పుడది ఫ్రెంచివాళ్ళ వలస) బానిసల తిరుగుబాటు లేచేనాటికి ఆయన బానిస కూడా కాదు, 1776 నాటికే స్వేచ్ఛ పొందినట్టు పత్రాలున్నాయి. అయినా బగ్గీ తోలే బానిస ఒకరోజు కత్తి పట్టాడన్న కథే మన వ్యాసాల్లో ఇంకా నడుస్తోంది.

నన్నడిగితే సమాధానం పశువుల కొట్టంలో ఉంది. 1743 ప్రాంతంలో, ఇప్పటి హైతీ ఉత్తర తీరాన, బ్రెడా చెరకు తోటలో పుట్టాడు. తండ్రి పశ్చిమాఫ్రికాలోని అల్లాడా నుంచి పట్టి తెచ్చిన మనిషి. కుర్రాడు మరీ బక్కగా ఉండేసరికి పుల్లముక్క అన్న అర్థంలో ఏదో పేరు పెట్టి ఏడిపించేవాళ్ళు. అతన్ని చెరకు నరకడానికి కాక పశువుల పనికి పెట్టారు.

అది తేలిక పనేం కాదు. నరికిన చెరకు ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే రసం పులిసిపోతుంది, పంచదార పలుకు కట్టదు. అందుకని కోతల కాలంలో గానుగ రాత్రింబవళ్ళు తిరగాల్సిందే. నిలువుగా మూడు రోలర్లు; ఏరు లేనిచోట నడిదాన్ని కంచరగాడిదలో ఎద్దులో తిప్పుతుంటే పక్కవి రెండూ దాంతో తిరుగుతాయి. ఒకరు ఇటునుంచి చెరకు పెడితే అటునున్నవాళ్ళు పిప్పిని రెండో సందులోంచి వెనక్కి తోస్తారు. నిద్రమత్తులో వేలు దూరిందా, పశువుల్ని నిలిపేలోపు భుజం దాకా పోతుంది. చెయ్యి నరికైనా మనిషిని బయటికి లాగడానికి పక్కనే గొడ్డలి ఉంచేవారు. రసం వరసగా ఉన్న రాగి కాగుల్లోకి పోతుంది. సున్నం వేసి, తెట్టు తీస్తూ, పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి తోడుతూ పోవాలి. పశువు కూలబడితే గానుగ, గానుగ ఆగితే కాగులు. పశువుల జబ్బులు తెలిసినవాడికి తోటలో అంత విలువ ఊరికే రాలేదు.

పశువులకి మందుగా వాడిన ఆకులూ వేర్లే మనుషులకీ పనికొచ్చాయి. 1791 చివర్లో, తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన బియాసూ శిబిరంలో ఆయన మొదట చేసింది వైద్యమే. బగ్గీ తోలిన మాట మాత్రం నిజమే; ఆ రోజుల్లో దారులూ, ఏ తోటలో ఎవరున్నారో కూడా తెలిసొచ్చాయి.

విగ్రహాలు పెట్టేవాళ్ళు దాటేసే సంగతి ఇంకోటుంది: 1779లో అల్లుడి కాఫీ తోటని కౌలుకి తీసుకున్నాడు, 13 మంది బానిసలతో సహా. స్వేచ్ఛ వచ్చాక కూడా బ్రెడా మేనేజరు కిందే పనిచేశాడు. తోటలు తగలబడుతుంటే ముందు ఆ మేనేజరు భార్యని క్షేమంగా పట్నం చేర్పించి, ఆ తర్వాతే తిరుగుబాటుదార్ల దగ్గరికి వెళ్ళాడు.