ముందు ఆ గ్లాసు బోర్లించి చూడు

రాయపురం, చెన్నై

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, ఇంటర్ అవగానే నువ్వు మెరైన్ ఇంజనీరింగ్ చదువుతానంటున్నావని చెప్పాడు. నేనే నీ బుర్రలోకి ఎక్కించానని కేకలేశాడు కూడా. ఒట్టు, నేనేమీ చెప్పలేదు. బెంగళూరులో పెరిగిన నీకు సముద్రమంటే సెలవుల్లో మెరీనాలో మొక్కజొన్న పొత్తు తిన్న సాయంత్రాలే కదా అనుకునేవాణ్ణి. ముప్పై ఏళ్లు ఓడల ఇంజన్ల మీద నేను చేసిన పనికి మా ఇంటి ఆడపిల్ల వస్తానంటే ఎంత పొంగిపోయానో! తెల్లారేసరికి భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు కళ్లు. ఎక్కడా ఒక్క రూపాయి కట్టకముందే ఓడల సంగతులు చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం డీజీ షిప్పింగ్ గుర్తించిన డాక్టరుకి చూపించుకో. డెక్ వైపు, అంటే ఓడ నడిపే పనికి, వెళ్లాలంటే జోడు లేకుండానే చూపు 6/6 ఉండాలి, జోడు పెట్టుకునే నీకు అది కుదరదు. ఇంజన్ వైపు ఒక హద్దు వరకూ జోడు ఒప్పుకుంటారు. రంగులు మాత్రం ఎటు వెళ్లినా సరిగ్గా కనబడాలి. చుక్కల మధ్య దాగిన అంకెలు చదవమంటారు. ఏడాదంతా కష్టపడి చదివి, ఆ చుక్కల పుస్తకం దగ్గర ఆగిపోయి ఏడ్చిన పిల్లల్ని చూశాను.

ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 60 శాతం, ఇంగ్లీషులో 50 శాతం ఉండాలి. తర్వాత ఐఎంయూ సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అది పెట్టేది ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ. 2008లో పెట్టిన ఆ యూనివర్సిటీకి ప్రధాన కార్యాలయం ఇక్కడే, చెన్నైలో ఉంది. విశాఖలోనూ క్యాంపస్ ఉంది. బీటెక్ నాలుగేళ్లు. ఈత ఇప్పుడే మొదలుపెట్టు. ఓడ ఎక్కిస్తానని డబ్బడిగేవాడి గడప తొక్కకు. ఓడలకి మనుషుల్ని పంపడానికి ప్రభుత్వమిచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉన్న కంపెనీ అయినా ఉద్యోగం ఇప్పించినందుకు మన దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఆడపిల్లకి ఓడలేంటని మీ అమ్మ అందట. వాణిజ్య ఓడ కెప్టెన్ రాధికా మీనన్ సంగతి చెప్పు. 2015లో ఇంజన్ చెడి బంగాళాఖాతంలో కొట్టుకుపోతున్న దుర్గమ్మ అనే పడవలోంచి ఏడుగురు జాలర్లని కాపాడింది. అలలు ఇరవై అయిదు అడుగుల పైన లేస్తున్నాయి. మరుసటి ఏడు అంతర్జాతీయ సాహస పురస్కారం ఇచ్చారు. ఆడవాళ్లలో అది అందుకున్న మొదటి మనిషి ఆవిడే.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

1989లో, నా రెండో ఓడ. జూనియర్ ఇంజనీర్ని. ఓడ నిలకడగా ఉండటానికి సముద్రపు నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకు ఒకటి నెలల తరబడి ఖాళీగా మూసి ఉంది. మర్నాడు అందులో దిగి చూడాలని సాయంత్రమే మ్యాన్‌హోల్ మూత తీసి పెట్టారు. గాలి ఇంకా కొలవలేదు, దిగమని ఎవరూ అనలేదు. పొద్దున్నే ఒక్కణ్ణే దిగి పని కానిచ్చేస్తే నా పై అధికారి సెకండ్ ఇంజనీర్ శభాష్ అంటాడని నా ఆశ. నీకూ ఆ గుణముంది, చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. చెప్పకముందే చేసేయాలి, అందరికంటే ముందుండాలి. ఓడ మీద ఆ తొందర పనికిరాదు తల్లీ.

టార్చి నడుముకి కట్టుకుని నిచ్చెన దిగాను. వాసన లేదు, పొగ లేదు, ఊపిరాడనట్టు కూడా అనిపించలేదు. నిచ్చెన కమ్మీ మీద నా చెయ్యి నాది కానట్టు తోచింది. చేతికంటిన ఎర్రటి తుప్పు చూస్తున్నాను. అంతే, తర్వాత గుర్తులేదు.

కళింగపట్నం దగ్గరి ఫిట్టర్ ఒకాయన కిందకి తొంగి చూసి నా టార్చి వెలుగు కదలకపోవడం గమనించాడు. కేకలేసి మనుషుల్ని పిలిచాడు గానీ, గాలి సిలిండరు వచ్చేదాకా ఆగలేకపోయాడు. ఊపిరి బిగబట్టి దిగి, నా చంకల కింద తాడు కట్టాడు. నన్ను పైకి లాగారు. ఆయన ఎక్కుతూ ఎక్కుతూ స్పృహ తప్పి పడిపోయాడు. సిలిండర్లు తగిలించుకున్నవాళ్లు దిగి పైకి తెచ్చారు. బతికాడు, కానీ తుంటి విరిగింది. మళ్లీ ఓడెక్కలేదు. అప్పటికి ఇద్దరు చిన్నపిల్లల తండ్రి.

ట్యాంకులో ఆక్సిజన్ని తినేసింది ఆ తుప్పే. బయటి గాలిలో 20.9 శాతం ఉంటుంది, అక్కడ మనిషి నిలబడేంత కూడా మిగల్లేదు. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పని బళ్లో మూడు పరీక్షనాళికల్లో మేకులు వేసి చూపించారు. బొమ్మ గీసి నూటికి నూరు తెచ్చుకున్నాను. ఇనుము ఏమవుతుందో నేర్చుకున్నాను గానీ, చుట్టూ ఉన్న గాలి ఏమవుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నీ కెమిస్ట్రీ పుస్తకం చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

2015 నుంచి రెండు నెలలకోసారి ఇలాంటి చోట్ల దిగడం, దిగినవాణ్ణి కాపాడటం డ్రిల్లు చేయించాలని నియమం పెట్టారు. మా రోజుల్లో అది లేదు. అయినా ఆక్సిజన్ మీటరు పెట్టి కొలవనిదే, పర్మిట్ లేనిదే ఎవరు చెప్పినా దిగకు. లోపల మనిషి పడి ఉన్నా సరే, సిలిండరు లేకుండా దిగకు. ఇది రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. ఆ రోజు ఆయన దిగాడు కాబట్టే నేనున్నాను. అయినా నీకు ఇదే చెప్తాను.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. హార్డ్‌వేర్ షాపులో స్టీల్ ఊల్ దొరుకుతుంది. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ పీచు కాదు, అది తుప్పు పట్టదు. వెనిగర్‌లో ఓసారి ముంచి, పిండి, గాజు గ్లాసు అడుగున గట్టిగా కుక్కు. పళ్లెంలో నీళ్లు పోసి గ్లాసు బోర్లించు. రెండు మూడు రోజులకి నీళ్లు గ్లాసులో పైకి ఎక్కుతాయి, ఇంచుమించు అయిదో వంతు దాకా. తుప్పు తినేసిన గాలి అంత.

ఎక్కడిదాకా వచ్చాయో గ్లాసు మీద పెన్నుతో గీత గీసి ఫోటో పంపు. సంక్రాంతికి కళింగపట్నం వెళ్తున్నాను. ఆయనకి చూపిస్తాను.

మీ పెదనాన్న