ఒకే గ్రూపులోని మూలకాలు ఎందుకు ఒకేలా ప్రవర్తిస్తాయి? వాటి గుణాలను బట్టీ పట్టక తప్పదా?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసలో ఉన్న మూలకాలకు పోలికలు ఎందుకుంటాయన్నది మొదటిది. పద్దెనిమిది గ్రూపుల గుణాలనూ పదో తరగతి పరీక్షకు బట్టీ పట్టాల్సిందేనా అన్నది రెండోది. నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లుగా భౌతిక రసాయన శాస్త్రాలు బోధిస్తున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు సరిగా అర్థమైన పిల్లలకు రెండో ప్రశ్న పెద్దగా మిగలదని నా అనుభవం.

పరమాణువు రసాయన చర్యలో పాల్గొనేది ముఖ్యంగా తన చివరి కర్పరంలోని, అంటే కేంద్రకం చుట్టూ ఉన్న పొరల్లో అన్నిటికంటే బయటి పొరలోని, ఎలక్ట్రాన్లతోనే. లిథియం ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే లోపలి కర్పరం నుంచి బయటికి ఎలక్ట్రాన్ల లెక్క, 2,1, సోడియంది 2,8,1, పొటాషియంది 2,8,8,1. లోపలి అంకెలు మారుతున్నా చివరనున్న ఒకటి మారలేదు కాబట్టి, ఆ ఒక్క ఎలక్ట్రానును వదిలేసి ధనావేశమున్న కణంగా, అంటే అయానుగా, మారడమే ఈ మూడింటి పద్ధతీ అవుతుంది. 1869లో రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ తన పట్టికను ప్రకటించే నాటికి ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని ఎవరికీ తెలియదు. పరమాణు భారాలనూ, మూలకాలు ఏర్పరిచే సమ్మేళనాలనూ పక్కపక్కన పెట్టి చూసి ఆయన ఆ కుటుంబాలను గుర్తించాడు. కారణం తర్వాత దొరికింది. అందుకే నేను పిల్లలకు ప్రతి మూలకం దగ్గరా రెండే సంగతులు అడగమంటాను: చివరి కర్పరంలో ఎలక్ట్రాన్లు ఎన్ని, ఆ కర్పరం కేంద్రకానికి ఎంత దూరం. మొదటిది గ్రూపులోని పోలికను చెబుతుంది, రెండోది అదే గ్రూపులో పైనుంచి కిందికి వచ్చే తేడాను చెబుతుంది.

ఈ రెండో సంగతి పాఠం చెప్పినప్పటికంటే సోడియం ముక్కను చూపినప్పుడు బాగా అర్థమవుతుంది. కిరోసిన్‌లో ఉంచిన సోడియాన్ని పట్టకారుతో తీసి, అద్దుడు కాగితంతో తుడిచి, బ్లేడుతో కోస్తే అది గట్టి వెన్నలా తెగుతుంది. కోసిన చోట వెండిలా మెరిసిన ముఖం పిల్లలు చూస్తుండగానే మసకబారిపోతుంది. పెసరగింజంత ముక్కను ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబి రంగుకు మారే సూచిక) కలిపిన నీళ్లలో వేస్తే, ఆ చర్యలో పుట్టిన వేడికే కరిగి గుండ్రని పూసలా మారి, బుసబుసమంటూ నీటి మీద పరుగెత్తుతుంది, అది వెళ్లిన దారంతా గులాబి రంగు చార పడుతుంది. (దీన్ని ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు, ముక్క కాస్త పెద్దదైతే పేలుతుంది.) లిథియం ఇదే పనిని నెమ్మదిగా చేస్తుంది, పొటాషియమైతే వెంటనే లేత ఊదారంగు మంటతో అంటుకుంటుంది. ఒక మోల్ (పరమాణువులను లెక్కించే ఒక నిర్ణీత సంఖ్య) పరమాణువుల నుంచి మొదటి ఎలక్ట్రానును లాగడానికి లిథియానికి 520 కిలోజౌళ్లు, సోడియానికి 496, పొటాషియానికి 419, సీజియానికి 376 కావాలి. కర్పరాలు పెరిగేకొద్దీ చివరి ఎలక్ట్రాను మీద కేంద్రకం పట్టు సడలుతుందన్న మాట ఆ అంకెల్లో కనిపిస్తుంది.

పట్టిక కుడివైపున పరిస్థితి ఇందుకు తలకిందులు. 17వ గ్రూపులోని హాలోజన్లకు, అంటే పాత పుస్తకాల్లో 7ఏ గ్రూపుగా రాసినవాటికి, చివరి కర్పరంలో ఏడు ఎలక్ట్రాన్లుంటాయి, ఎనిమిదోదాన్ని లాక్కోవడమే వాటి స్వభావం. కేంద్రకం దగ్గరగా ఉంటే లాక్కోవడం సులభం కనుక ఇక్కడ చురుకుదనం పైనుంచి కిందికి తగ్గుతుంది. పొటాషియం అయొడైడ్ ద్రావణంలో కాసిని చుక్కల క్లోరిన్ నీళ్లు వేస్తే అయొడిన్ బయటపడి ద్రావణం గోధుమ రంగుకు మారుతుంది, ఇంత గంజి కలిపితే ముదురు నీలమవుతుంది. పై మూలకం కింది మూలకాన్ని దాని లవణం నుంచి తరిమేసిందన్నమాట.

ఈ గ్రూపు దగ్గర కొన్నేళ్ల క్రితం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగిన ప్రశ్న నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. "సార్, క్లోరిన్ కలిపితే ట్యాంకు నీళ్లు శుభ్రమవుతాయంటిరి. ఫ్లోరిన్ కూడా అదే గ్రూపే కద సార్, మరి ఫ్లోరిన్ నీళ్లు తాగినోళ్ల పళ్లు, ఎముకలు ఎందుకు పాడైతయి?" అని అడిగింది. ఆ అమ్మాయి నానమ్మ నడుము వంగిపోయి కర్ర సాయంతో నడిచే మనిషి. మా జిల్లాలో ఈ ప్రశ్న పుస్తకంలోది కాదు, ఇంట్లోది. ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. వారం తర్వాత మళ్లీ ఆ పాఠం తెరిచి చెప్పాను. ఆ రెండోసారి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

మన పత్రికల్లోనూ మాటల్లోనూ "ఫ్లోరిన్ నీళ్లు" అంటాం కానీ, ఆ నీళ్లలో ఉన్నది ఫ్లోరిన్ కాదు, ఫ్లోరైడ్. ఫ్లోరిన్ వాయువు నీటితోనే చర్య జరిపేస్తుంది కాబట్టి బోరుబావిలో అది ఫ్లోరిన్‌గా నిలిచే వీలే లేదు. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిసినప్పుడు వచ్చే హైపోక్లోరస్ ఆమ్లం ఎదుటివాటి నుంచి ఎలక్ట్రాన్లను లాక్కోగలదు, సూక్ష్మక్రిములను చంపేది ఆ గుణమే. ఫ్లోరైడ్ అయానుకు కావలసిన ఎనిమిదో ఎలక్ట్రాను ఎప్పుడో దొరికింది. దాన్ని పోల్చవలసింది బ్లీచింగ్ పౌడర్‌తో కాదు, మన ఉప్పులోని క్లోరైడ్‌తో. మూలకాన్ని మూలకంతో, అయానును అయానుతో పోల్చకపోతే గ్రూపు గుణాలన్నీ గందరగోళంగా కనిపిస్తాయి. పరీక్షల్లో నేను చూసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి.

అయినా సగం ప్రశ్న మిగిలే ఉంది. ఉప్పులోని క్లోరైడ్ చేయని హాని ఫ్లోరైడ్ ఎందుకు చేస్తుంది? గ్రూపులో మొదటి మూలకం తరచూ కాస్త వేరుగా ప్రవర్తిస్తుంది, ఎందుకంటే దాని పరిమాణం మరీ చిన్నది. సిల్వర్ క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్‌లు నీటిలో కరగవు, సిల్వర్ ఫ్లోరైడ్ కరుగుతుంది. కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకొని తానే కరిగిపోతుంది, కాల్షియం ఫ్లోరైడ్ మాత్రం దాదాపు కరగని రాయి. ఫ్లోరైడ్ అయాను ఇంచుమించు హైడ్రాక్సైడ్ అయానంతే ఉంటుంది కనుక, ఎముకల్లోని కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజంలో హైడ్రాక్సైడ్ ఉండవలసిన చోట ఇమిడిపోతుంది. క్లోరైడ్ అయాను అంతకంటే బాగా పెద్దది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగే ప్రాంతాల్లో, అందులోనూ నీటిలో కాల్షియం తక్కువగా ఉన్నచోట, దాన్ని పట్టి రాయిగా మార్చేది లేక మోతాదు పెరుగుతుంది. పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశంలో 1937లో తొలిసారి వైద్య పత్రికలో వివరించింది కూడా తెలుగు నేల మీద చూసినదాన్నే, నాటి నెల్లూరు జిల్లాలో.

18వ గ్రూపు, అంటే జడవాయువుల, గురించి చెప్పవలసింది కొద్దే. వాటి చివరి కర్పరం నిండి ఉంటుంది, అందువల్ల మామూలుగా ఇవ్వడమూ లేదు, పుచ్చుకోవడమూ లేదు. హీలియానికి రెండే ఎలక్ట్రాన్లున్నా దాన్ని రెండో గ్రూపులో కాక ఇక్కడ ఉంచడానికి కారణం, దాని ఏకైక కర్పరం ఆ రెంటితోనే నిండిపోవడం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు నుంచే పరిశీలించాడు. సూర్యుడి అంచు వెలుగులో అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ చెందని పసుపు గీతను గుర్తించిన ఆ ఏడాది పరిశీలనలే హీలియం కథకు మొదలు. భూమి మీద అది బ్రిటిష్ శాస్త్రవేత్త రామ్సేకు దొరికింది 1895లో.

13 నుంచి 16 వరకు ఉన్న గ్రూపుల్లో ఒకటి గమనిస్తే చాలు, కిందికి దిగేకొద్దీ లోహ గుణం పెరుగుతుంది: 14వ గ్రూపులో కార్బన్ అలోహం, సిలికాన్, జెర్మేనియం అర్ధలోహాలు, తగరం, సీసం లోహాలు. 3 నుంచి 12 వరకు ఉన్న పరివర్తన మూలకాల్లో కొత్త ఎలక్ట్రాన్లు లోపలి కర్పరంలో చేరుతాయి కాబట్టి, అక్కడ ఇనుము, కోబాల్ట్, నికెల్ వంటి పక్కపక్క మూలకాలకు కూడా దగ్గరి పోలికలుంటాయి.

ఇక బట్టీ సంగతి. మొదటి ఇరవై మూలకాల విన్యాసాలను చూడకుండా రాయడం వస్తే, మిగతావి ఊహించి చెప్పవచ్చు. స్ట్రాన్షియాన్ని తీసుకోండి. పరమాణు సంఖ్య 38, విన్యాసం 2,8,18,8,2, కాల్షియానికి సరిగ్గా కింద ఉంది. కాబట్టి అది చర్యలో వదిలే ఎలక్ట్రాన్లు, అంటే దాని వేలన్సీ, రెండు, నీటితో కాల్షియం కంటే చురుగ్గా చర్య జరుపుతుంది, కాల్షియం ఏ సమ్మేళనం ఏర్పరిస్తే అదీ అలాంటిదే ఏర్పరుస్తుంది. ఇవేవీ చదవకుండానే చెప్పగలిగాం. 1950లలో అణుబాంబు పరీక్షల నుంచి వెలువడిన రేడియోధార్మిక స్ట్రాన్షియం గడ్డి మీద పడి, ఆవుపాలలోకి, పాల నుంచి పిల్లల శరీరాల్లోకి చేరింది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఊడిన పాలపళ్లను తల్లిదండ్రుల దగ్గర సేకరించి కొలిస్తే, కాల్షియం ఉండవలసిన చోట అది కూర్చొని ఉంది.