ఊరు జీవీఎంసీలో కలుస్తోందట, మావాణ్ణి ఏం చదివించాలి?

ప్రశ్న: మాది ఆనందపురం మండలం. మా పంచాయతీని జీవీఎంసీలో, అంటే విశాఖ కార్పొరేషన్‌లో కలుపుతారని అందరూ అంటున్నారు. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. సివిల్ ఇంజనీరింగా, బీప్లానింగా (ఊళ్ల ప్రణాళిక డిగ్రీ, బీప్లాన్) తేల్చుకోలేకపోతున్నాం. ఆరు నెలల డ్రోన్, జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపులు చేసే) కోర్సు చేస్తే ఇప్పుడే సంపాదన మొదలవుతుందని బంధువుల మాట. మేం ఓసీలం, ఊళ్లో 160 గజాల ఖాళీ స్థలం ఉంది. విలీనం వల్ల వాడి చదువుకేమైనా ఇబ్బందా?

జవాబు: మీరు కోర్సు గురించి అడిగారు గానీ మీ గుబులు వేరు. చుట్టూ లేఅవుట్లు లేస్తుంటే మావాడొక్కడూ నాలుగేళ్లు పుస్తకాలు పట్టుకుని కూర్చుంటే వెనకబడిపోతాడేమోనని కదా? వెనకబడడు. విలీనంలో జీవో రావడం చిన్న పని. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది, ఏళ్ల తరబడి సాగుతుంది. 2005లో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి జీవీఎంసీ చేశారు. 2013లో భీమిలి, అనకాపల్లి వచ్చి చేరాయి. 2005లో కలిసిన చోట్ల పదేళ్లు దాటాక కూడా భూగర్భ డ్రైనేజీ పనులు నడుస్తూనే ఉన్నాయి. మీవాడు నాలుగేళ్ల తర్వాత బయటికొచ్చినా పని మిగిలే ఉంటుంది.

ఆ పనేమిటో కూడా చెప్తాను. పంచాయతీ ముద్రతో వేసిన లేఅవుట్లో రోడ్డు సన్నగా ఉంటుంది, పార్కు స్థలం కాగితం మీదే ఉంటుంది, ఒక్కోసారి గెడ్డను (వాగును) పూడ్చేసి ప్లాట్లు కొట్టేసి ఉంటారు. ఊరు కార్పొరేషన్‌లో కలిశాక ప్రతి ఇంటికీ అసెస్‌మెంట్ నంబరు ఇవ్వాలి, పన్ను కట్టాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నీళ్లు ఎక్కణ్ణుంచి తేవాలో, మురుగు ఏ వాలున పోవాలో తేల్చాలి. గెడ్డ మూసేసిన లేఅవుట్లో వాన పడితే నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. అది ఎవరి స్థలం తీసుకుని సరిచేయాలన్నది ప్లానర్ తలనొప్పి. ఎంత లోతున, ఎంత వెడల్పున కాలవ తవ్వాలన్నది సివిల్ ఇంజనీర్ తలనొప్పి.

మీరడిగిన పోలిక ఇంతే. సివిల్ చదివితే తర్వాత ఎంప్లాన్‌లో (ప్లానింగ్ పీజీలో) చేరి ప్లానింగ్‌లోకి రావొచ్చు, లేఅవుట్లు, ఇళ్ల ప్లాన్ల మీద సంతకం పెట్టే ఎల్టీపీ లైసెన్సూ తెచ్చుకోవచ్చు. బీప్లాన్ చదివినవాడు తర్వాత బీములు, స్లాబులు డిజైన్ చేయలేడు. బీప్లాన్‌కు విజయవాడలోని ఎస్‌పీఏ (కేంద్రం నడిపే ప్లానింగ్, ఆర్కిటెక్చర్ కాలేజీ) దగ్గర్లో ఉంది, చదువు బాగుంటుంది. ఉద్యోగాల దగ్గరే చిక్కు. టౌన్ ప్లానింగ్ పోస్టులకు ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ ఏటా రాదు. వార్డు ప్లానింగ్ సెక్రటరీ పోస్టుకి సివిల్ డిప్లొమా వాళ్లూ పోటీకొస్తారు. కాబట్టి చాలామంది ప్రైవేటు కన్సల్టెన్సీల్లో మొదలుపెడతారు. మ్యాపులు, జనాభా లెక్కలు, చట్టాలు చదవడం ఇష్టమైతేనే బీప్లాన్. ఆ ఇష్టం లేకపోతే సివిల్.

ఇక ఆ డ్రోన్ కోర్సు. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. డ్రోన్ ఎగరేసి ఊరంతా ఫొటో తీయడం కొద్ది రోజుల పని. ఆ ఫొటోని ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటం) మీద పెట్టి, సబ్ డివిజన్లు అడంగల్‌తో (రెవెన్యూ భూమి రికార్డుతో) సరిపోకపోతే ఎందుకు సరిపోలేదో చెప్పగలగడమే విద్య. అది ఆరు నెలల్లో రాదు, వచ్చేస్తుందని బ్రోచరు రాసినవాళ్లకీ తెలుసు. పైగా మన విశాఖలో నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఉంది. దాని చుట్టుపక్కల అనుమతి లేకుండా డ్రోన్ లేపితే కేసే. డబ్బు తీసుకుని ఎగరేయాలంటే డీజీసీఏ (కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తించిన సంస్థలో శిక్షణ పొంది రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టక ముందే అడగండి. జీఐఎస్ పనికిరాదని నేను అనడం లేదు. డిగ్రీ పక్కన, మూడో ఏడాదిలో క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దింపుకుని నేర్చుకోవచ్చు. దానికోసం ఇంటర్ తర్వాత చదువు ఆపేయడం ఏమిటండీ?

ఒక మాట కటువుగా చెప్తున్నా, ఏమీ అనుకోకండి. గజం రేటు చూసి పిల్లాడి కోర్సు ఎంచుకునే తండ్రుల్లో మీరు మొదటివారు కారు. రేటు పెరిగితే లాభం స్థలానికి, వాడి చదువుకి కాదు. వాడికేం ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ముందు వాణ్ణి అడగండి.

చివరి ప్రశ్న మాత్రం సరైనది, చాలామంది అడగనిది. వాడి స్థానికత పోదు. ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో చదివాడు కాబట్టి ఊరు పంచాయతీ అయినా కార్పొరేషన్ అయినా తేడా లేదు. చిక్కంతా కేంద్ర సంస్థల్లో ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో పేదలకిచ్చే) కోటా దగ్గరే. ఏడాది ఆదాయం 8 లక్షల లోపున్నా, నోటిఫై అయిన మున్సిపాలిటీలో 100 గజాలు, అంతకు మించి ఇంటి స్థలం ఉంటే అర్హత లేదు. మిగతా చోట్ల ఆ పరిమితి 200 గజాలు. అంటే మీ 160 గజాలకు ఇప్పుడు ఇబ్బంది లేదు, ఊరు కలిశాక ఉంటుంది. వేరేచోట స్థలాలుంటే అన్నీ కలిపి లెక్కేస్తారు. ఎస్‌పీఏ, ఎన్‌ఐటీ లాంటి వాటికి రాస్తుంటే తహసీల్దార్ దగ్గర ఈ ఆర్థిక సంవత్సరపు సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి. కౌన్సెలింగ్‌లోగా విలీనం జీవో వస్తే పాత సర్టిఫికెట్ చూపించి ఊరుకోకుండా, ఆ రోజుకి అర్హత ఉందో లేదో అదే కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. సీటు వచ్చాక రద్దయితే ఆ ఏడాది మొత్తం పోతుంది.