చేతి వణుకుకు ఏ బైనాక్యులర్?

ప్రశ్న: మా నాన్నగారికి చేతులు కాస్త వణుకుతాయి. నేలపట్టులో గూడబాతుల్ని చూడాలని ఆశ. కెనాన్ ఐఎస్‌లలో (చేతి వణుకు బొమ్మలో కనబడకుండా నిలిపే బైనాక్యులర్లు) 10×30 కొనాలా, 12×36 కొనాలా?

జవాబు: 10×30 తీసుకోండమ్మా. ఇందులో మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పులికాట్ గట్టు మీద, ఈదురుగాలిలో, రెండూ పట్టి చూశాను. వణుకు ఆపే మీట నొక్కగానే అప్పటిదాకా ఊగిన ఫ్లెమింగో ముక్కు కొసన నలుపు కూడా నిలిచి కనబడింది. ఆ క్షణం ఎంత బాగుంటుందో! 12×36లో పక్షి పెద్దదే, కానీ చూపు మేర 5 డిగ్రీలే, 10×30లో 6. ఎగిరేదాన్ని పట్టుకోవడానికి ఆ ఒక్క డిగ్రీ చాలా ముఖ్యం. 10×30 బరువు 600 గ్రాములే. రెండూ వానకు తడవకూడదు. తడిసినా ఫర్వాలేని కెనాన్ 10×42 కిలో దాటుతుంది, నాన్నగారి మెడకు వద్దు. వణుకు ఆపే మీట బ్యాటరీతోనే పనిచేస్తుంది, విడిగా రెండు పెన్సిల్ సెల్స్ జేబులో ఉంచండి.